గంజులో సముద్రం

ఆమె పోయిందన్న కబురు బడిలో ప్రార్థన గంట కొట్టబోయే ముందు వచ్చింది. ఫోన్ చేసింది యాదమ్మ. ఒకప్పుడు షెడ్డులో ఆమె పక్క స్టూలు మీద కూర్చుని పనిచేసిన మనిషి.

"అక్కా, పెద్దమ్మ పోయింది. పొద్దుగాల లేసి మేకల కొట్టం ఊడ్సిందంట. చీపురు గోడకు ఆనిచ్చి కూసున్నదంట. గంతే. మాపటికి తీస్తరు. వస్తవా?"

నేను పనిచేసే బడి నారాయణపేట దగ్గర. పెద్దమ్మ ఊరికి చిట్యాల దాటి లోపలికి పోవాలి. హెడ్మాస్టరును సెలవు అడిగితే ఆయన, "ఎవరమ్మా, చుట్టమా?" అన్నారు. ఏం చెప్పాలో తోచలేదు. చుట్టం కాదు. స్నేహితురాలు అందామంటే ఆమె నన్ను ఏనాడూ పూర్తిగా క్షమించలేదు. "కావాల్సిన మనిషి సార్" అని చెప్పి బస్సెక్కాను.

ఆమె పేరు నాకు తెలుసు. ఏడాదిన్నర పాటు రోజూ హాజరు పిలిచింది నేనే. కానీ ఆ పేరుకు ఆమె ఒక్కనాడూ "ఉన్న" అని పలకలేదు. "ముంగట్నే కూసున్న గదా, కనపడ్తలేనా?" అనేది. నేను తల ఎత్తి చూసి, కనబడిందని టిక్కు పెట్టుకోవాలి. మొదట్లో నాకు కోపం వచ్చేది. తర్వాత ఆమె దగ్గరికి వచ్చేసరికి పేరు పిలవడం మానేసి తలే ఎత్తేదాన్ని. ఇక్కడ కూడా ఆ పేరు రాయను. షెడ్డులో ఆడవాళ్ళందరం పెద్దమ్మ అనేవాళ్ళం. మేనేజరు ముసల్ది అనేవాడు, ఆమెకు వినబడేటట్టుగానే.

ఆ షెడ్డు సంగతి చెప్పాలి. తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో, హైవే పక్కన, చిట్యాలకూ నార్కట్‌పల్లికీ మధ్య మూతపడిన ఒక కోళ్ళఫారాన్ని ఎవరో కిరాయికి తీసుకుని పని మొదలుపెట్టారు. అందులో తయారయ్యేవి ఉత్తుత్తి చేపలు. విదేశాల్లో సముద్రం ఒడ్డున నిలబడి, పొడుగాటి బెత్తం లాంటి కర్రతో దారం విసిరి పెద్ద చేపలను పట్టే సరదా ఉన్న వాళ్ళుంటారట. వాళ్ళ గాలానికి వానపాము గుచ్చరు. ఈకలతో, వెంట్రుకలతో కట్టిన చిన్న చేపను పెడతారు. నీళ్ళలో అది కదిలితే నిజం చేపపిల్ల ఈదినట్టే ఉంటుంది.

మాకు ఎక్కువగా వచ్చే ఆర్డరు ఒక్కటే. అది పాత నమూనా. దశాబ్దాలుగా సముద్రంలో పనిచేస్తున్నదట, అందుకే ఎవరూ మార్చరు. తుప్పు పట్టని గాలాన్ని చిన్న వైసులో బిగించి, వెనక పుంజు మెడ మీది తెల్లటి పొడుగు ఈకలు నాలుగు కట్టాలి. వాటి పక్కన మెరిసే పోగులు కొన్ని. ముందుభాగంలో తెల్లటి జింకతోక వెంట్రుకలు చుట్టూరా పరచాలి. ఈకలూ, వెంట్రుకలూ బయటి దేశం నుంచే డబ్బాల్లో వచ్చేవి. వీపు మీద నీలిరంగు వెంట్రుకలు, గొంతు కింద చేప మొప్పల్లాగా రెండు పోగుల ఎర్రదారం. తలను దారంతో చుట్టి, మేకు తలను రంగులో ముంచి రెండు కళ్ళు అద్ది, పైన గట్టిపడే లక్కలాంటి మందు పూయాలి. ఆ చేప ఇంగ్లీషు పేరుకు అర్థం మోసగాడు. ఆ మాట నేను చెప్పినప్పుడు ఆమె చేస్తున్న పని ఆపింది.

"దీనికెందుకు ఆ పేరు? మోసం జేసేటోడు ఒడ్డు మీద నిలబడ్డడు గదా. ఇదేం జేసింది పాపం."

ఆమెను పనిలో పెట్టుకోవడానికి మేనేజరు ఒప్పుకోలేదు. ఆయనకు కావాల్సింది పాతికేళ్ళ లోపు అమ్మాయిలు. ఈమెకు యాభై దాటాయి. మేకలు కాచుకునే మనిషి, జుట్టు సగం నెరిసింది, చేతులు తుమ్మబెరడులా ఉన్నాయి. "నీకు కండ్లు కనపడయి, పో" అన్నాడు. ఆమె పోలేదు. రోడ్డుకు అవతల చాయ హోటలు ముందర గొర్రెల లారీ ఒకటి ఆగి ఉంది. ఆమె గుమ్మంలో నిలబడి దాన్ని చూసింది.

"నాకు సదువు రాదు, లారీ నంబరు సదువమంటె సదువ. గని దాంట్ల ఒక గొర్రె ఈననున్నది. నేడో రేపో. ఎనక మూలకున్నది. మనిషిని తోలి చూపియ్యి."

మేనేజరు నవ్వుతూనే వాచ్‌మన్‌ను పంపించాడు. వాచ్‌మన్ వెళ్ళాడు, డ్రైవరుతో మాట్లాడాడు, లారీ వెనక్కెక్కి చూశాడు. తిరిగొచ్చి, "ఉన్నది సార్. డ్రైవరుకే తెల్వదంట. వాని ఓనరును తిడుతున్నడు" అన్నాడు. ఆమె అప్పటికే ఒక స్టూలు లాక్కుని దాని మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఆ షెడ్డు నడిచినన్ని రోజులూ అలాగే కూర్చుంది, కాళ్ళు కిందికి వేలాడదీస్తే పని మీద మనసు నిలవదని.

వెంట్రుకల సంగతి ఆమెకు తెలిసినట్టు మాలో ఎవరికీ తెలియదు. జింకతోకను చేతిలోకి తీసుకుని, వేళ్ళతో పాయ తీసి, "ఇది ఎండల్ల సచ్చింది" అనేది. ఇంకోదాన్ని, "ఇది చలికాలంల. వెంట్రుక బోలుగున్నది, నీళ్ళల్ల తేలుతది, మునగది. దీన్ని నాకియ్యకు" అని పక్కకు నెట్టేది. నిజమో కాదో మేం తేల్చుకోలేం. ఆమె కట్టినవి మాత్రం నీళ్ళలో వేస్తే బొమ్మల్లా ఉండేవి కావు. స్టూలు పక్కన ఎప్పుడూ ఒక గిలాసలో నీళ్ళు పెట్టుకునేది. కట్టడం అయిపోయిన ప్రతి చేపనూ అందులో ముంచి, తల పట్టుకుని ఒకసారి ఇటూ అటూ ఆడించి చూసేది. ఈకలు గాలం వంపుకు చుట్టుకుంటే విప్పి మళ్ళీ కట్టేది. తడి సరుకు ప్యాకింగుకు పనికిరాదని మేనేజరు అరిస్తే, "ఎండల పెడితె ఆరుతది. తప్పుగ కడితె ఆరుతదా?" అనేది.

కొత్త పిల్లలు ఆమె దగ్గర మేకల వాసన వస్తోందని ముక్కు మూసుకునేవాళ్ళు. "మా మేకలు మీ పౌడరు వాసన గురించి ఏమనుకుంటున్నయో మీకు ఎరుకనా?" అని అడిగింది ఒకరోజు. అందరం నవ్వాం. ఆమె నవ్వలేదు. నిజంగానే అడిగింది.

ఒకసారి కొనేవాళ్ళు ఫొటో పంపారు. నడుములోతు నీళ్ళలో ఒక తెల్లాయన, చేతుల్లో వెండిలా మెరిసే పెద్ద చేప, దాని దవడకు మా షెడ్డు చేప. అందరం ఫోను చుట్టూ గుమిగూడాం. పట్టి, ఫొటో దిగి, మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారని నేను చెప్పాను.

"ఇడిసిపెడుతరా? తినరా?"

"తినరు పెద్దమ్మా. సరదాకు."

"తిననోడు గాలమెందుకు ఏసిండు? దాని నోరు నొచ్చిందా, వాని నోరు నొచ్చిందా?" అని, మళ్ళీ పనిలో పడింది. కాసేపటికి తనలో తనే అన్నట్టు, "గని మంచిగనే పట్టుకున్నది" అన్నది. ఫొటోలోని ముడి తను వేసిందేనని ఆమె గుర్తుపట్టిందని నాకు అప్పుడు అర్థమైంది.

ఇక తెర సంగతి. షెడ్డులో ఆడవాళ్ళకున్న బాత్రూముకు తలుపు లేదు. కోళ్ళ దాణా బస్తాలు పెట్టుకున్న గదినే బాత్రూం చేశారు. తలుపు పెట్టించమని నెలల తరబడి అడిగారు. పెట్టిస్తా, పెట్టిస్తా అన్నాడు మేనేజరు. ఒకరోజు మధ్యాహ్నం ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు పెద్దమ్మ, యాదమ్మ, ఇంకో ఇద్దరు కలిసి ఆయన గది గుమ్మానికి వేలాడుతున్న పూలతెరను విప్పి, తీసుకెళ్ళి బాత్రూముకు కట్టేశారు. ఆయన తిరిగొచ్చి, ఎవరు చేశారని గట్టిగా అరిచాడు. నలుగురూ లేచి నిలబడ్డారు. పెద్దమ్మే మాట్లాడింది.

"నీకు తెర ఎందుకు సారు? నువ్వు లోపల జేసేది దాసుకునే పనా?"

ఆయన ముఖం కందగడ్డ అయింది. ఆ తెర అక్కడే ఉండిపోయింది, తలుపు మాత్రం రాలేదు. ఆయన ఆ నలుగురినీ మనసులో పెట్టుకున్నాడు.

కొన్ని నెలలకు ఒక పెద్ద సరుకు తిరిగి వచ్చింది. సముద్రంలో రెండు పూటలు వాడేసరికి చేపల తలలు తెల్లబడి, దారం సడలి, ఈకలు ఊడిపోతున్నాయట. విషయం కనుక్కోవడానికి చెన్నై నుంచి కొనేవాళ్ళ మనిషి వస్తున్నాడని కబురు. మేనేజరు నన్ను గదిలోకి పిలిచాడు. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. నల్లగొండలో డిగ్రీ చదివి, చెకింగ్ పనికి కుదిరాను. పక్కన భూతద్దం, చేతిలో స్కేలు, ముందు రిజిస్టరు.

"ముడి వదులు అని రాయి. నాలుగు పేర్లు చెప్తా, వాళ్ళ పేర్ల ఎదురుగా రాయి" అన్నాడు.

పేర్లు చెప్పాడు. అవి ఎవరివో మీకు తెలుసు. నేను రాశాను. నాకు ఆ ఉద్యోగం కావాలి. అంతకు మించి సాకు చెప్పను.

మర్నాడు పొద్దున ఆ నలుగురినీ గేటు దగ్గరే ఆపేశారు. ఆ సాయంత్రం చిట్యాలలో నా కిరాయి గదికి పెద్దమ్మ వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. గడప అవతలే నిలబడింది.

"నువ్వు రాసినవా?"

"రాసిన పెద్దమ్మా."

"చూసి రాసినవా? చెప్తె రాసినవా?"

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను. ఆమె నా కళ్ళలోకి చూడటం లేదు, నా చేతుల వైపు చూస్తోంది. ముడి వేసే మనిషి చేతులనే చూస్తుంది.

"చెప్తె రాసిన."

తిడుతుందనుకున్నాను. వీధిలో అందరూ వినేటట్టు తిట్టినా పడతాననుకున్నాను. ఆమె గడప మీద కూర్చుంది.

"సరె. నీకు ఇంగ్లీషు వస్తది గదా. ఫోన్ల చూసి చెప్పు. సముద్రం ఎంత ఉప్పగుంటది?"

నాకు అర్థం కాలేదు. ఆమె విసుక్కుంది. "చూడమంటున్న గదా. ఇప్పుడన్న చూసి చెప్పు."

చూశాను. లీటరు నీళ్ళకు సుమారు రెండు పెద్ద చెంచాల ఉప్పు అని లెక్క తేలింది. గదిలో ఉన్న ఉప్పుడబ్బా తీసి, చెంబులో కలిపి ఇచ్చాను. ఆమె అరచేతిలో పోసుకుని నాలుకకు తగిలించి, తూ అని ఉమ్మింది.

"గింత ఉప్పా? దీంట్లనా చేపలు బతికేది?"

అప్పుడు కొంగుముడి విప్పింది. అందులో రెండు ఉత్తుత్తి చేపలు. ఒకటి పాతది, వెంట్రుక కొంచెం పొడుగైందని ఎప్పుడో నేనే తీసేసినది. రెండోది తిరిగొచ్చిన సరుకులోనిది, ఇంకా ఎవరూ వాడనిది.

"రెండూ నేను కట్టినయే. ముడి ఒక్కటే. మందే వేరు. పాతదానికి పూసింది ఆ దేశం మందు. కొత్తదానికి పూసింది మా ఊరి వడ్లాయన తలుపులకు, కుర్చీలకు కొట్టే పాలిష్. డబ్బా మూత తీసిననాడే వాసన పట్టిన. సారుకు చెప్పిన. నీ పని ముడేసుడు, మూసుకొని ఏసుకో అన్నడు."

"ఇవి బయటికి తెస్తే దొంగతనం అంటరు పెద్దమ్మా."

"అననీ. దొంగ ఎవరో నీళ్ళే చెప్తయి."

నాలుగో రోజు ఆదివారం. వాళ్ళ ఊరికి వెళ్ళాను. వేపకొమ్మల పందిరి కింద పెద్ద స్టీలు గంజు, నిండా ఉప్పునీళ్ళు. అంచు మీద అడ్డంగా కర్ర, కర్రకు రెండు దారాలు, దారాల కొసల్లో రెండు చేపలు. మేకలకు ఆకు వేసి వస్తూ ఒకసారి, నీళ్ళకు పోతూ ఒకసారి ఆమె ఆ దారాలను పట్టి ఈదించేది. ఒక మేకపిల్ల తాగబోయి నాలుక కాల్చుకున్నట్టు వెనక్కి ఎగిరిందట. "ఒక్కసారికే తెలివి వచ్చింది దానికి" అన్నది, నావైపు చూడకుండా.

రెండు చేపలనూ పైకి తీసింది. పాతది నిన్న కట్టినట్టే ఉంది, తడికి ఇంకా నాజూగ్గా కనిపిస్తోంది. కొత్తదాని తల పాలలో ముంచినట్టు తెల్లబడింది. ఒక కన్ను ఊడి గంజు అడుగున ఉంది. వేలితో నొక్కితే దారం మెత్తగా జారింది. ఆమె నా ముఖంలోకి చూసింది.

"చూసినవా?"

"చూసిన."

"ఇగ రాసుడు నీ ఇష్టం" అని, చేపలను మళ్ళీ నీళ్ళలో వేసింది.

చెన్నై మనిషి బుధవారం వచ్చాడు. మేనేజరు ఆయనను షెడ్డంతా తిప్పి, చాయ తాగించి, నా రిజిస్టరు ముందు పెట్టి చూపిస్తున్నాడు. తప్పు చేసిన నలుగురినీ తీసేశాం సార్ అంటున్నాడు. అప్పుడు గుమ్మంలోంచి వెలుతురు ఆగింది. పెద్దమ్మ. నెత్తిమీద గంజు, దాని మీద తడిబట్ట. వెనక యాదమ్మ, మిగతా ఇద్దరు. పెద్దసారుకు మజ్జిగ తెచ్చారేమోనని వాచ్‌మన్ గేటు తీశాడట, తర్వాత తెలిసింది.

"ఈ ముసల్దాన్ని ఎవడు రానిచ్చిండు?" అన్నాడు మేనేజరు.

"నన్నెవరు రానియ్యాలె? నా కాళ్ళు తెచ్చినయి."

వచ్చి గంజును బల్ల మీద, సరిగ్గా రిజిస్టరు పక్కన దించింది. నీళ్ళు కొన్ని ఒలికి కాగితం తడిసింది. చెన్నై ఆయన ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు. ఆమె బట్ట తీసి, దారాలు పట్టుకుని రెండు చేపలనూ ఆయన ముఖానికి ఎదురుగా ఎత్తింది.

"నీకు తెలుగు వస్తదో రాదో నాకు తెల్వదు. గిది సముద్రం. వారం దినాల సంది నానబెట్టిన. గీ ముడీ నాదే, గా ముడీ నాదే. ఒకటి నిలబడ్డది, ఒకటి ఊడింది. ఎందుకూడిందో గీ సారును అడుగు."

ఆయనకు సగం అర్థమైంది. రెండు చేపలనూ చేతిలోకి తీసుకుని, గోటితో గీకి, వాసన చూసి, మేనేజరు వైపు కాకుండా నావైపు తిరిగాడు. రిజిస్టరు మీద వేలు పెట్టి ఇంగ్లీషులో అడిగాడు. "ఈ రాత మీదేనా? ముడులు వదులుగా ఉండటం మీరు చూశారా?"

మేనేజరు కళ్ళు పెద్దవి చేసి నన్నే చూస్తున్నాడు. యాదమ్మ నన్నే చూస్తోంది. షెడ్డులో ముప్పైమంది ఆడవాళ్ళు చేతులాపి నన్నే చూస్తున్నారు. పెద్దమ్మ మాత్రం చూడలేదు. గంజు చుట్టూ ఒలికిన నీళ్ళను కొంగుతో తుడుస్తోంది, నేను ఏం చెప్పినా తన పని అయిపోయినట్టు.

"లేదు సార్. చూడలేదు. చెప్తే రాశాను. ముడులు బాగానే ఉన్నాయి. మారింది మందు" అన్నాను. ముందు ఇంగ్లీషులో, తర్వాత అందరికీ తెలిసేటట్టు తెలుగులో.

చెన్నై ఆయన పాలిష్ డబ్బా తెప్పించి చూశాడు. ఇక ఎక్కువ మాటలు అవసరం పడలేదు. పాత మందే వాడాలని, ఆ సరుకు మొత్తం మళ్ళీ కట్టించి పంపాలని చెప్పి వెళ్ళిపోయాడు. అంత సరుకు మళ్ళీ కట్టాలంటే ఆ నలుగురి చేతులూ కావాలి. మర్నాడే మేనేజరు వాచ్‌మన్‌తో కబురు పంపాడు. జరిగిందేదో జరిగింది, వచ్చి పని చేసుకోండి అని.

ముగ్గురు చెప్పులు తొడుక్కున్నారట. పెద్దమ్మ ఆపేసింది. "మనం తప్పు జేసినమని పుస్తకంల ఉన్నది. అది అట్లనే ఉండంగ ఎట్ల పోతం? తప్పు చెయ్యలేదని ఆ పుస్తకంలనే రాయమను. ఆయన చేతితోని. నోటిమాట గాలికి పోతది."

మేనేజరు రాయనన్నాడు. వారం గడిచింది. సరుకు పంపాల్సిన గడువు దగ్గరికొచ్చింది. ఆయనే స్వయంగా బండేసుకుని వాళ్ళ ఊరికి పోయాడు. ఆమె మేకల మధ్యనే నిలబడి మాట్లాడిందట. కూర్చోమని మంచం కూడా వాల్చలేదట. ఎనిమిదో రోజు ఆయన రిజిస్టరు తీసి, ఆ నాలుగు పేర్ల కింద రెండు వాక్యాలు రాసి సంతకం చేశాడు. సరుకు చెడిపోవడానికి కారణం వీళ్ళ పని కాదని, పూత మార్చడమని.

నలుగురూ వచ్చారు. పెద్దమ్మకు చదువు రాదు. రిజిస్టరు నా చేతికిచ్చి, షెడ్డు మధ్యలో నిలబెట్టి, "సదువు" అన్నది. చదివాను.

"మల్లొకపారి సదువు. ఎనక కూసున్నోళ్ళకు ఇనపడలే."

ఇంకా గట్టిగా చదివాను. వెనక వరుసలో ఎవరో ముక్కు చీదారు. ఎవరో చప్పట్లు కొట్టబోయి మేనేజరును చూసి ఆగిపోయారు. పెద్దమ్మ తన స్టూలు దగ్గరికి పోయి, దుమ్ము తుడిచి, బాసింపట్టు వేసుకుని కూర్చుని, వైసులో గాలం బిగించింది.

మరో రెండు వారాలకు నా ఉద్యోగం పోయింది. కారణం ఏమీ చెప్పలేదు. నేను అడగనూ లేదు. సంచి సర్దుకుని గేటు దాకా వచ్చేసరికి ఆమె అక్కడ నిలబడి ఉంది. మంచిపని చేశావు అంటుందేమో, కనీసం భుజం మీద చెయ్యి వేస్తుందేమోనని నా ఆశ. నాకు అప్పుడు ఆ మాట చాలా అవసరం.

"అప్పుడే రాయకపోతె అయిపోతుండె గదా బిడ్డా" అన్నది. అంతే. తిరిగి లోపలికి పోయింది.

ఆ మాట మీద నాకు చాలా రోజులు కోపం ఉండేది. ఉద్యోగం పోగొట్టుకుని నిజం చెప్తే ఈ ముసలావిడ లెక్కలోకి తీసుకోదేమిటి అని. టీచరు ఉద్యోగానికి చదువుకుంటూ, రాత్రిపూట పుస్తకం మూసి ఆమెతో మనసులో వాదించేదాన్ని. ఒక్కసారి కూడా గెలవలేదు. ఆమె అన్నది నిజమే. రాయకపోతే అయిపోయేది.

కరోనా వచ్చినప్పుడు షెడ్డు మూతపడింది. మళ్ళీ తెరవలేదు. యాదమ్మ నార్కట్‌పల్లిలో ఒక హోటలులో వంటకు కుదిరింది. మిగతా ఇద్దరు పత్తి చేలకు పోతున్నారు. పెద్దమ్మ మేకల దగ్గరికే పోయింది. తర్వాత నేను ఆమెను రెండుసార్లు చూశాను. రెండుసార్లూ ఆమె నా జీతం అడగలేదు, పెళ్ళి గురించి అడగలేదు. నా బడిలో ఆడపిల్లల బాత్రూముకు తలుపు ఉన్నదా అని అడిగింది. మొదటిసారి లేదని చెప్పాను. రెండోసారి ఉందని చెప్పగలిగాను. ఎలా వచ్చిందో ఆమె అడిగింది, నేను చెప్పాను. ఊఁ కొడుతూ మొత్తం విన్నది.

నేను ఆ ఊరు చేరేసరికి నాలుగు దాటింది. డప్పులు వాకిట్లో ఉన్నాయి. పాడె కట్టి ఉంది. ఆమె ముఖం మీద పసుపు, నుదుటి మీద పెద్ద బొట్టు, మూసిన పెదవుల్లో ఆ ఎదురుతిరిగే బిగువు ఇంకా పోలేదు. కొడుకులు లేరు. ఒక్క కూతురు, పక్క ఊరికి ఇచ్చారు. పాడె పట్టడానికి మరిది కొడుకులు తువ్వాళ్ళు భుజాన వేసుకుని సిద్ధంగా ఉన్నారు. అప్పుడు కూతురు లేచి నిలబడింది.

"మా అవ్వ చెప్పింది. నన్ను షెడ్డోళ్ళే మొయ్యాలె అన్నది."

యాదమ్మ, ఆ ఇద్దరు అప్పటికే పాడె దగ్గరికి వచ్చేశారు. చీరకొంగులు నడుముకు దోపుకున్నారు. కులపెద్ద అడ్డం వచ్చాడు. తెల్లటి తలపాగా, భుజం మీద నల్ల గొంగడి, చేతిలో కర్ర. అరిచే మనిషి కాదు. నెమ్మదిగానే అన్నాడు.

"ఆడోళ్ళు పాడె మోసుడేంది బిడ్డా? మన కులంల గిట్ల లేదు."

"లేకపోతె ఇయ్యాల్టి సంది ఉంటది పెదనాయినా" అన్నది కూతురు. ఏడుస్తూనే అన్నది. గొంతు మాత్రం వణకలేదు.

డప్పులవాళ్ళు ఎటూ తేల్చుకోలేక కర్రలు పట్టుకుని నిలబడ్డారు. కులపెద్ద పాడె వైపు చూశాడు, ఆ ముగ్గురి వైపు చూశాడు.

"ముగ్గురే ఉన్నరు. నాలుగో మనిషేది?"

నేను చెప్పులు విడిచి ముందుకు నడిచాను. యాదమ్మ నన్ను చూసి, ఎడమవైపు వెనక కొసను నాకు వదిలి పక్కకు జరిగింది. ఎత్తాం. ఆమె సన్నటి మనిషే, అయినా బరువు నేననుకున్నంత తక్కువ లేదు. యాదమ్మ పొడుగు, నేను పొట్టి. పాడె నా వైపు వాలింది. వెదురు నా భుజంలో దిగబడింది. నాలుగు అడుగులు తడబడ్డాక మా నడక ఒకటైంది. డప్పు మొదలైంది.

గొయ్యి ఊరి బయట వాళ్ళ చెలక గట్టున తవ్వారు. దారి పొడుగునా ఎవరో నరికి పడేసిన తుమ్మకంప. వెనక మగవాళ్ళు గుసగుసలాడుతూనే ఉన్నారు. పాడె మోసే మాకు కాళ్ళ కిందికి చూసుకునే వీలు లేదు. నేను వట్టికాళ్ళతో ఉన్నాను. మొదటి ముల్లు గుచ్చుకుంటుందని పళ్ళు బిగించుకుని ఉన్నాను. గుచ్చుకోలేదు. తల కొంచెం పక్కకు వంచి చూశాను. మా అందరికంటే ముందు, ఒంటరిగా, ఆ కులపెద్ద నడుస్తున్నాడు. గొంగడి జారిపోతున్నా చూసుకోకుండా, చేతికర్రతో కంపను ఒక్కొక్కటే దారి పక్కకు నెట్టుకుంటూ పోతున్నాడు.